కుళ్ళుబోతు కాపలా

మా తోడికోడలు పోయింది. ఆ కబురు నాకు ఆమె ఫోన్ నుంచే వచ్చింది. ఆ రోజు నేను గుంటూరులో ఒక చీరల కొట్టు మెట్ల మీద మూట దింపుకుని కూర్చుని ఉన్నాను. ఫోన్ మోగింది. తెర మీద 'అక్క' అని పడింది. ఏళ్ళ తరబడి అలవాటు కదా, ఎత్తగానే నా నోటి వెంట "గడియ పెట్టావా?" అనే వచ్చింది. అవతల ఉన్నది అక్క కాదు, అక్క కూతురు. "పిన్నీ, అమ్మ పెరట్లో పడిపోయింది, లేవడం లేదు," అని ఏడుస్తోంది. నేను చీరాల చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేసేశారు.

ఎన్ని దేశాలు తిరిగింది ఆ మనిషి! మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్. తోడెవరూ లేకుండా, రెండు పెట్టెల నిండా చీరలతో. ఏ దేశంలోనూ గోరంత దెబ్బ తగలనిది, ఇంటి వెనక కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తూ పోయింది. డాక్టరు గుండె అన్నాడు. మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది, పుణ్యాత్మురాలు అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. పోతూ పోతూ కూడా మెప్పు కొట్టేసిందే అని నాకు ఒళ్ళు మండింది. ఏడుస్తూనే మండింది. పోయినవాళ్ళ గురించి ఇలా రాయకూడదంటారు గానీ, ఆవిడ గురించి మరోలా రాస్తే అది ఆవిడా కాదు, నేనూ కాదు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆ సామెత పుట్టించినవాళ్ళెవరో మా ఇంట్లో కాపురం చేసి ఉండాలి. మాది మగ్గాల ఇల్లు. అన్నదమ్ములిద్దరూ నేసేవారు. కోడళ్ళిద్దరం వసారాలో రాట్నాల ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేవాళ్ళం. ఆ కండెను నాడెలో పెడతారు. పడవలాగా రెండు కొసలూ సన్నగా ఉండే ఆ కొయ్యే నాడె, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తేది. మేం కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్తగారు ఒక మాట చెప్పింది. "మగ్గం మోగినంతసేపు మీ ఊసులు మీరాడుకోండి. ఆగిందా, లేచెళ్ళి చూడండి. పోగే తెగిందో, మొగుడికి కళ్ళే తిరిగాయో!" అందుకని చేతులు రాట్నం మీద, చెవి మగ్గం మీద ఉండేవి మాకు.

చేనేత చీర అడిగే నాథుడు లేని రోజుల్లో, మలేషియాలో ఉంటున్న తెలుగువాళ్ళు ఉగాది సంతలో మా చీరలు అమ్ముకోవచ్చని కబురు పెట్టారు. ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి. చీర కట్టి చూపించాలంటే ఆడమనిషే వెళ్ళాలి. నా గుండె గంతులేసింది. విమానం అంటే అప్పటిదాకా డాబా మీద నుంచి తలెత్తి చూడటమే. మా అత్తగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెద్దది వెళ్తుంది. చిన్నదాని నోటికి విమానం మధ్యలోనే దింపేస్తారు," అని తేల్చేసింది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తే.

బయల్దేరే రోజు పొద్దున అక్క నా దగ్గరికి వచ్చి రాట్నం ఆపింది. "ఏమే, రోజూ మన దీపాల వేళకి నేను గదికి చేరి, గడియ పెట్టుకుని, నీకు మిస్డ్ కాల్ ఇస్తా. మోగి ఆగిపోయిందనుకో, మగ్గం నడుస్తున్నట్టు. మోగలేదనుకో, నువ్వు చెయ్యి."

"బావగారికి ఇవ్వరాదూ?"

"నీకే ఇస్తా," అని వెళ్ళిపోయింది.

చూశారా సంబడం! ఆవిడేమో దేశాలు ఏలడానికి, నేనేమో ఫోన్‌కి కాపలా కాయడానికి. సాయంత్రం అయ్యేసరికి పక్కింటి పేరంటానికి కూడా పోకుండా, పసుపు కాళ్ళతో ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. అది మోగి ఆగేది. 'చేరిందమ్మా మహారాణి' అనుకుని దీపం పెట్టేదాన్ని.

తిరిగొచ్చేటప్పుడు హోటల్ గదుల్లో ఇచ్చే చిట్టి సబ్బులు తెచ్చి వీధిలో అందరికీ పంచేది. వాసన బాగుందని అందరూ మురిసిపోయేవాళ్ళు. నేను మాత్రం నా సబ్బు వాడేదాన్ని కాదు. బీరువాలో చీరల మధ్య పెట్టుకుని, తలుపు తీసినప్పుడల్లా ఒకసారి వాసన చూసి కుళ్ళుకునేదాన్ని. ముందు గదిలో ఆవిడ ఫోటో ఒకటి ఉంది, కౌలాలంపూర్ జంట టవర్ల ముందు నీలం చీరలో దిగింది. వచ్చినవాళ్ళు టవర్లు ఎంత ఎత్తో అంటారు, ఆవిడ ఎంత ధైర్యవంతురాలో అంటారు. ఆ నీలం చీరకి కండెలు చుట్టింది ఎవరని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

సరే, ధైర్యవంతురాలే. కాదనను. కానీ ఆవిడ ధైర్యం ఊరికే రొమ్ము విరుచుకునే ధైర్యం కాదు. "భయం ఉండాలే, వణుకు ఉండకూడదు," అనేది. ఒంటి మీద బంగారం ఉంచుకునేది కాదు, పసుపుతాడు, మట్టిగాజులు, అంతే. పాస్‌పోర్టు పెట్టుకోవడానికి లోపలి లంగాకి జేబు కుట్టించుకుంది. కుట్టింది నేనే లెండి. హోటల్లో గది నంబరు పైకి చదవనిచ్చేది కాదు, చీటీ మీద రాసిమ్మనేది. పాతబడిపోయిన నాడె ఒకటి ఎప్పుడూ పెట్టెలో ఉండేది. గడియ పెట్టాక దాని సన్నటి కొసని తలుపు కింద గట్టిగా దోపేది. బయట నుంచి తోస్తే ఇంకా బిగుసుకుంటుందట.

ఒంటరిగా వచ్చారా అని ఎవరడిగినా, "లేదండీ, మావారు పైన గదిలో స్నానం చేస్తున్నారు," అనేది. పాపం బావగారు చీరాల దాటిన పాపాన పోలేదు. ఆయన ఎన్ని దేశాల్లో, రోజుకెన్నిసార్లు స్నానం చేశారో ఆ భగవంతుడికే తెలియాలి. "అందుకేనా నాకెప్పుడూ జలుబు," అనేవారాయన.

ఈ సంగతులన్నీ నలుగురి నోటా పాకాయి. దేశం కాని దేశం వెళ్ళే ఆడపిల్లలు ఆవిడ దగ్గరికి రావడం మొదలెట్టారు. చీమకుర్తి నుంచి చదువుకి వెళ్ళే పిల్ల, పొన్నూరు నుంచి నర్సు ఉద్యోగానికి వెళ్ళే పిల్ల. అరుగు మీద కూర్చోబెట్టుకుని గంటలకొద్దీ చెప్పేది. "దారి తెలీకపోతే నువ్వే వెళ్ళి అడుగు. పిల్లల్ని ఎత్తుకున్న తల్లిని అడుగు, కొట్లో కూర్చున్న ఆడమనిషిని అడుగు. దారి చూపిస్తానని తనంతట తాను వచ్చినవాడి వెంట మాత్రం వెళ్ళకు." ఆ పిల్లలు కళ్ళింతలు చేసుకుని వినేవాళ్ళు. నేను వంటింట్లో టీ కాచి గ్లాసులు అందించి లోపలికి పోయేదాన్ని. అరుగు మీద నవ్వులు వినబడితే టీలో పంచదార మానేద్దామా అనిపించేది.

అంత చెప్పిన మనిషి, తానే తప్పులో కాలేసింది. ఒక ఏడు కౌలాలంపూర్‌లో సంత ముగిశాక, టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే ఒక కారు ఆగిందట. "అమ్మా, తెలుగువాళ్ళా? ఏ ఊరండీ?" అన్నాడు అందులోని మనిషి. చీరాల అంది. "అయ్యో, మాదీ చీరాలేనండీ! ఎక్కండి, దింపుతా," అన్నాడు. అంతే, అరుగు మీద చెప్పిన పాఠాలన్నీ గంగలో కలిశాయి. పెట్టెలతో సహా ఎక్కి కూర్చుంది. ఇందులో ఆవిడని ఒక్కదాన్నే అనడానికి లేదు. మనవాళ్ళందరి జబ్బే అది. పరాయి దేశంలో మన ఊరి పేరు చెవిన పడితే చాలు, బుర్రని చెప్పులతో పాటు బయటే విడిచేస్తాం.

ఇక్కడ నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దీపాల వేళ అయింది. మోగలేదు. వీధిలో లైట్లు వెలిగాయి. మోగలేదు. ఎక్కడ షికార్లు కొడుతోందో మహాతల్లి, నేనిక్కడ ఉన్నానన్న ధ్యాసైనా లేదు అనుకుని, కోపంగా నేనే చేశాను.

"ఆఁ, చెల్లెమ్మా! బాగున్నావా తల్లీ?" అంది అక్క.

నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ 'ఏమే', 'ఒసే' తప్ప మరో పిలుపు ఎరగని మనిషి.

"ఎక్కడున్నావ్?"

"కారులో ఉన్నానమ్మా. మన చీరాల అబ్బాయే కనిపించాడు. హోటల్ దగ్గర దింపుతానన్నాడు. దారి కొంచెం ఎక్కువైనట్టుంది."

"స్పీకర్‌లో పెట్టు," అన్నాను. పెట్టింది. "ఏం బాబూ, చీరాలేనటగా? చీరాలలో ఎక్కడ?"

"స్టేషన్ దగ్గరండీ."

"స్టేషన్‌కి ఇటా, అటా?"

"అటండీ."

"అటు ఎవరిల్లు? మీ నాన్న పేరేంటి? మగ్గాలా, వ్యాపారమా? మీ అమ్మ పుట్టిల్లు ఎక్కడ?"

"చిన్నప్పుడే వచ్చేశామండీ. నాకంతగా తెలీదు."

"చిన్నప్పుడు వచ్చేస్తే మాత్రం తాత పేరు తెలీకుండా పోతుందా? పోనీ మేనమామ పేరు చెప్పు. స్టేషన్ దగ్గర మా ఆయనకి తెలియని గడప లేదు. ఇప్పుడే వెళ్ళి మీవాళ్ళకి చెప్పొస్తారు, మీ అబ్బాయి మా అక్కని దింపుతున్నాడు, ఎంత బంగారమో అని. కారు నంబరు కూడా చెప్పు నాయనా, హోటల్ గుమ్మంలో మా చుట్టాలు కాచుకుని ఉన్నారు, వాళ్ళకి ఆనవాలు ఉండాలిగా."

ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగాను. పెళ్ళిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు ఉండవు. అతను నసిగాడు, దగ్గాడు, చివరికి, "అమ్మగారూ, నాకు అర్జంటు పని గుర్తొచ్చింది, ఇక్కడ దిగండి," అని ఒక పెట్రోలు బంకు ముందు ఆపేశాడు. అక్కడ లైట్లున్నాయి, మనుషులున్నారు. అక్క పెట్టెలు లాక్కుంటూ వెళ్ళి, డబ్బులు తీసుకునే అమ్మాయి పక్కన నిలబడింది. ఆ అమ్మాయే టాక్సీ పిలిచింది. ఆ కారతను దొంగో దొరో ఇప్పటికీ తెలియదు. నిజంగానే చీరాలవాడై ఉండి, నా నోటికి జడిసి దింపేశాడేమో కూడా. గదికి చేరాక అక్క మిస్డ్ కాల్ ఇవ్వలేదు, ఫోనే చేసింది. "ఒసే, గడియ పెట్టాను," అంది. ఆ 'ఒసే' విన్నాక గానీ నాకు మంచినీళ్ళు దిగలేదు.

ఊరికొచ్చాక ఈ కథ ఎంత బాగా చెప్పిందనుకున్నారు! వీధి వీధంతా చెప్పింది. కారు రంగు చెప్పింది, అతని చొక్కా చెప్పింది, తాను ఎంత నిబ్బరంగా కూర్చుందో చెప్పింది. నా వంతు వచ్చేసరికి మాత్రం, "దేవుడు చల్లగా చూశాడు, సమయానికి ఇంటి నుంచి ఫోనొచ్చింది," అని ఊరుకుంది. దేవుడికి ఒక ముక్క, ఫోన్‌కి ఒక ముక్క. నాకు ముక్క లేదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం చీరలు మడతలు పెడుతుంటే అనేశాను. "ఇకమీదట నీ ఫోన్ కోసం నేను కాచుకుని కూర్చోను. మీ ఆయనకి చెప్పుకో."

"ఆయనకా? ఆయనకి నేనంటే ప్రాణమే. అందుకే చెప్పను."

"అదేం మాట?"

"ప్రేముండేవాళ్ళు నమ్ముతారే. వస్తుందిలే, బాగానే ఉండుంటుందిలే అనుకుని దుప్పటి ముసుగేస్తారు. నువ్వలా కాదు. నేనేం తింటున్నానో, ఏం చూస్తున్నానో అని నీకు కడుపుమంట. దీపాల వేళ ఒక్క నిమిషం దాటితే చాలు, ఎక్కడ షికార్లు కొడుతుందో అని ఫోన్ చేస్తావ్. కుళ్ళుండే మనిషి కునుకు తీయదు. నాకంతకంటే కాపలా ఏం కావాలి?"

ఎంత మామూలుగా అంది! చీర అంచులు కలుపుతూ అంది. నా కుళ్ళు నేను చాలా జాగ్రత్తగా దాచుకున్నాననుకునేదాన్ని. ఆవిడ దాన్ని కనిపెట్టడమే కాకుండా, ఉద్యోగంలో కూడా పెట్టింది. కోపం వచ్చింది. నిజమే కదా అనిపించి ఇంకా కోపం వచ్చింది. కొన్నాళ్ళు మాటలు మానేశాను. తర్వాతి ప్రయాణానికి మాత్రం మళ్ళీ అదే వేళకి, అదే పీట మీద, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పెద్దకర్మ రోజు ఆ పొన్నూరు నర్సమ్మాయి వచ్చింది. సెలవులో ఉందట. నేను వంటింట్లో గారెల పిండి రుబ్బుతుంటే గుమ్మం దగ్గర నిలబడి, "మీరేనాండీ కుళ్ళు పిన్ని?" అని అడిగి, వెంటనే నాలుక కరుచుకుంది.

"ఎవరు చెప్పారే ఆ పేరు?"

"ఆంటీ అలాగే చెప్పేవారండీ. పాఠాలన్నీ చెప్పి ఆఖర్న అడిగేవారు, నీకు ఇంటి దగ్గర మా చెల్లెల్లాంటి కుళ్ళుబోతు ఒకతి ఉందా అని. లేకపోతే వెతుక్కో, దొరికాకే విమానం ఎక్కు అనేవారు. ఆ కారు సంగతి కూడా చెప్పారండీ. మీరు వాడి తాత పేరు దాకా వెళ్ళారటగా? నేను మా ఆడపడుచుని పెట్టుకున్నానండీ. డ్యూటీ దిగి కాస్త ఆలస్యమైతే చాలు, ఎక్కడ తిరుగుతున్నావని తినేస్తుంది."

నేను టీ గ్లాసులు కడుగుతుంటే అరుగు మీద వినబడిన నవ్వులు ఇవన్నమాట. ఊరికంతా దేవుడి పేరు చెప్పి, ఆ పిల్లలకి నా పేరు చెప్పింది. ఆ మాటేదో నా ఎదురుగా ఒక్కసారి అంటే ఏం పోయేది ఆవిడకి? అడుగుదామంటే మనిషి లేదు. నర్సమ్మాయి కంగారుపడి పిండి గిన్నె అందుకుంది. నేను పెరట్లోకి పోయి, ఆ కరివేపాకు మొక్క దగ్గర నిలబడి బావురుమన్నాను.

ఇంతలో మలేషియా నుంచి కబురు వచ్చింది. ఈ ఉగాది సంతలో అక్క పేరు మీద మా బల్ల ఖాయమై ఉంది. చీరలన్నీ మడతలు పెట్టి సిద్ధంగా ఉన్నాయి. అక్క కూతురికి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది గానీ, దానికింకా పాస్‌పోర్టు రాలేదు. నాకుంది. ఏనాడో చేయించుకున్నాను, గడువు తీరితే మళ్ళీ చేయించుకున్నాను, ఒక్క ముద్ర పడలేదు. "నీ పాస్‌పోర్టుకి ఇంకా సంబంధం కుదర్లేదటే?" అని ఎగతాళి చేసేది అక్క. ఇప్పుడు బావగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, ఈసారికి నువ్వెళ్ళిరా," అన్నారు.

ఇన్నేళ్ళ కోరిక. అటక మీద నుంచి పెట్టెలు దించుకున్నాను. సగం సర్దాక చేతులు ఆగిపోయాయి. నా ఫోన్ ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? మా ఆయన్ని అడిగాను. "నేనున్నానుగా, నీకెందుకు బెంగ!" అన్నారు. అన్న కాసేపటికే వాలుకుర్చీలో గురక వినబడింది. నేనంటే ప్రేమ ఉన్న మనిషి మరి.

అప్పుడు పుట్టింది నాకు అక్క మీద అసలైన ఈర్ష్య. విమానానికీ, ఫోటోకీ, సబ్బు బిళ్ళలకీ కుళ్ళుకోవడం కూడా ఒక కుళ్ళేనా? ఆవిడకి నేనున్నాను. ఏ దేశంలో దిగినా, ఏ కారెక్కినా ఆవిడ వెనక నేనున్నాను. నాకెవరున్నారు? ఇంత వయసు వచ్చింది, నన్ను చూసి కుళ్ళుకునే దిక్కు ఒక్కటైనా లేదు కదా అని ఏడుపొచ్చింది. బావగారితో వెళ్ళనని చెప్పేద్దామని లేచాను.

గుమ్మంలో అక్క కూతురు నిలబడి ఉంది, ముఖం గంటు పెట్టుకుని.

"ఆ నీలం చీర నువ్వు కట్టుకుంటావా? అది అమ్మది," అంది.

"కట్టుకుంటా."

"టవర్ల ముందు ఫోటో కూడా దిగుతావేమో."

"దిగుతా."

"పటం కట్టించి అమ్మ ఫోటో పక్కనే పెడతావేమో!"

"పెడతా."

దాని ముక్కుపుటాలు అదిరాయి. విసురుగా అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇటు రావే నా తల్లీ," అని పక్కన కూర్చోబెట్టుకుని, అక్క ఫోన్ దాని చేతిలో పెట్టాను. వాళ్ళ నాయనమ్మ చెప్పిన మగ్గం మాట చెప్పాను, దీపాల వేళ మాట చెప్పాను. వచ్చే ఏడు నిన్నే పంపుతామని మాత్రం చెప్పలేదు. దాని కడుపుమంట చల్లారిపోతే నా గతేం కాను?

ఇది కౌలాలంపూర్‌లో హోటల్ గదిలో కూర్చుని రాస్తున్నాను. కింద తాళాలిచ్చే బల్ల దగ్గర గది నంబరు చీటీ మీద రాసిమ్మన్నాను. లిఫ్టులో ఒకాయన ఒంటరిగా వచ్చారా అని పలకరిస్తే, మావారు స్నానం చేస్తున్నారని చెప్పాను. ఎన్నాళ్ళకో మా ఆయనకీ ఆ భాగ్యం పట్టింది. గడియ పెట్టి, అక్క నాడెని తలుపు కింద దోపాను. ఎన్ని తలుపుల కింద దూరిందో, దాని కొస అరిగి నున్నబడి ఉంది.

కాళ్ళు కడుక్కొచ్చి మిస్డ్ కాల్ ఇద్దామనుకునేలోపే మంచం మీద ఫోన్ మోగింది. తెర మీద 'అక్క' అని వెలుగుతోంది. చెయ్యి చాపి కూడా ఆగిపోయాను. ఎత్తితే పిల్ల గొంతు వినబడుతుంది. ఎత్తేదాకా అది అక్కే.

మోగి మోగి ఆగింది. గుక్క తిప్పుకోకుండా మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తాను.

"ఎక్కడ ఊరేగుతున్నావ్ పిన్నీ? ఇక్కడ దీపాలు పెట్టి ఎంతసేపైందో తెలుసా! గడియ పెట్టావా?"

"పెట్టానే," అన్నాను. దాని అరుపుల వెనక, ఇంట్లో మగ్గం మోగుతోంది.